లావుగా ఉన్నాను, జిమ్ మెట్ల దాకా వెళ్ళి తిరిగొచ్చీసాను, ఇది దాటినవాళ్ళు ఎవరైనా ఉన్నారా?

పెద్దచెరువు_గాలి | విజయనగరం | ఆదివారం రాత్రి 11:40

అందరికీ నమస్తే. చాన్నాళ్ళుగా చదవడమే గాని రాయడం ఇదే మొదలు. వయసు 29, ఎత్తు 5 అడుగుల 2 అంగుళాలు, బరువు 94 కిలోలు. వార్డు సచివాలయంలో పని, పొద్దున్న కుర్చీలో కూర్చుంటే మళ్ళీ సాయంత్రమే లేవడం. జిమ్‌కి వెళ్దామని సంక్రాంతికి బూట్లు కొనుక్కున్నాను, ఇప్పుడు శ్రావణమాసం వచ్చీసింది, బూట్లు ఇంకా అట్టపెట్టెలోనే ఉన్నాయి, లోపల కుక్కిన కాగితం కూడా తియ్యలేదు.

మా ఇంటికి పది నిమిషాల దూరంలో ఒక మేడ మీద జిమ్ ఉంది. 3 సార్లు వెళ్ళాను, వెళ్ళాను అంటే మెట్ల దాకా. మొదటిసారి కింద నిలబడి పైనుంచి వచ్చే పాటల సౌండు విని వచ్చీసాను. రెండోసారి తెలిసినావిడ ఎవరో కనబడీసరికి పక్కనున్న మందులషాపుకి వచ్చినట్టు నిలబడి అక్కర్లేని జ్వరం మాత్రలు ఒక అట్ట కొనుక్కుని ఇంటికొచ్చాను. మూడోసారి నిన్న, సగం మెట్లు ఎక్కీసాను, పైనుంచి ఇద్దరు కుర్రాళ్ళు దిగుతున్నారు, మెట్లు ఇరుకు, నేను గోడకి ఒదిగితే గాని వాళ్ళు దిగలేరు, వాళ్ళేం అనలేదండి, “సారీ అక్కా” అని పక్కగా దిగిపోయారు, నవ్వలేదు కూడా, అయినా నాకు అరచేతులు చెమట పట్టీసి గుండె దడదడలాడి వాళ్ళ వెనకే నేనూ దిగీసాను.

అందరూ అంటారు ఎవరూ చూడరు, అంతా నీ భ్రమ అని. భ్రమ ఎలా అవుతుంది? ఆటో ఎక్కితే “మీరు చివరికి జరగండమ్మా, ఇంకో మనిషి పట్టాలి” అంటాడు డ్రైవరు, టైలర్ షాపులో నలుగురి మధ్యలో టేపు పెట్టి నా కొలత గట్టిగా చదివి లోపలున్న కుర్రాడికి చెప్తాడు, పెళ్ళిళ్ళలో ఫొటోకి నన్ను వెనక వరసలోకి పంపుతారు. బయట ఇన్నిచోట్ల చూసేవాళ్ళు జిమ్‌లో మాత్రం ఎందుకు చూడరు?

నాకున్న భయాలు చెప్పేస్తాను, చుట్టూ అద్దాలు, మిషన్ ఎలా వాడాలో తెలీక బిక్కమొహం వేసుకుని నిలబడడం, చేతులు పైకెత్తితే టీషర్టు లేచిపోవడం, ఎవరైనా ఫోన్‌లో తీస్తారేమో అని. దయచేసి “ధైర్యంగా వెళ్ళండి” అని మాత్రం రాయొద్దు, ఆ ధైర్యం ఉంటే ఇక్కడ రాయను.

రాజాం_అమ్మడు | రాజాం | సోమవారం పొద్దున్న 6:15

ఒలమ్మా, ఆ జ్వరం మాత్రల దగ్గర నాకు ఏడుపొచ్చీసింది చెల్లీ. నేనైతే జిమ్ ముందునుంచి స్కూటీ మీద వారం రోజులు తిరిగాను, రోజూ “ఈరోజు పార్కింగ్ లేదు” అనుకుని వెళ్ళిపోవడమే. అప్పుడు 33 ఏళ్ళు, ఇద్దరు పిల్లలు, రెండూ ఆపరేషన్ కాన్పులే, 88 కిలోలు.

నేను చేసిందేటంటే ముందు ఫోన్ చేసాను. మొహం కనబడదు కదా. లేడీస్ టైమింగ్స్ ఉన్నాయా, ట్రైనర్ ఆడమనిషేనా, జనం తక్కువుండే టైమ్ ఏది, అన్నీ ఫోన్‌లోనే అడిగీసాను. తర్వాత ఒకరోజు 11 గంటలకి చుడీదార్‌లోనే వెళ్ళాను, చెయ్యడానికి కాదు, చూడ్డానికి. మా పెళ్ళిచూపుల్లో వాళ్ళు నన్ను చూసారు, ఇప్పుడు నేను జిమ్‌ని చూస్తాను అనుకుని వెళ్ళాను. బాత్రూమ్ ఎక్కడ, మంచినీళ్ళు ఎక్కడ, మూల ఏది, అద్దం లేని గోడ ఏది, అన్నీ చూసుకుని వచ్చీసాను. రెండోసారి వెళ్ళినప్పుడు అది కొత్త చోటు కాదు.

చూడరు అని నేనూ చెప్పను, చూస్తారు. కానీ లోపలున్న నలుగురూ నోట్లో తొమ్మిది, పది, పదకొండు అని లెక్కపెట్టుకుంటున్నారు, లెక్క తప్పిపోద్దని తల తిప్పరు. పెళ్ళిలో మనల్ని చూసే చుట్టానికి అలా లెక్కపెట్టుకోడానికి ఏమీ ఉండదు, అందుకే మన నడుము లెక్కపెడతాది.

ఇంటిపట్టున | సోమవారం 8:50

ఇంత బాధ పడి జిమ్‌కే ఎందుకెళ్ళాలండి, విజ్జీ స్టేడియంలో పొద్దున్నే నడవొచ్చు, డబ్బులు దండగ కాదు. ఇంట్లో యూట్యూబ్ పెట్టుకుని చేసుకోవచ్చు. నేను అలాగే 7 కిలోలు తగ్గాను.

పెద్దచెరువు_గాలి | సోమవారం మధ్యాహ్నం 1:20

రాజాం అక్కా, అద్దం లేని గోడ సంగతి నాకు అస్సలు తట్టలేదు, థాంక్స్.

ఇంటిపట్టున గారూ, నడిచానండి, 3 వారాలు నడిచాను. అక్కడ పొద్దున్న సగం ఊరు ఉంటుంది, నాన్నగారి ఆఫీసు వాళ్ళు, మా ఇంటి ఓనరు, మా పెద్దమ్మ ఆడపడుచు, ప్రతి రౌండుకీ ఎవరో ఒకరు ఆపి “ఏమ్మా సంబంధాలు చూస్తున్నారా” అంటారు, ఎందుకంటే మన ఊళ్ళో ఆడపిల్ల నడవడం మొదలెట్టిందంటే దానికి పెళ్ళి తప్ప వేరే కారణం ఉండదు. ఇంట్లో చేద్దామంటే రెండు గదుల ఇల్లు, నేను గెంతితే కింద వాటావాళ్ళకి చప్పుడు. ఈ మాట రాయడానికి కూడా సిగ్గేస్తోంది గాని నిజం అదే.

ఇనపగుండు_రాజు | విజయనగరం | సోమవారం రాత్రి 9:30

సిస్టర్, నేను 9 ఏళ్ళ నుంచి జిమ్‌కి వెళ్తున్నాను, మొదటిరోజు నా బరువు 107. మీరు భయపడుతున్న ఆ మెట్లు దిగే కుర్రాళ్ళలో ఇప్పుడు నేనూ ఒకడిని, కాబట్టి మా లోపల ఏం జరుగుతుందో ఉన్నదున్నట్టు చెప్తాను.

కొత్తవాళ్ళు ఎవరొచ్చినా చూస్తాం. సన్నగా ఉన్నవాడొచ్చినా చూస్తాం. ఆ చూపు 2 సెకన్లు, అందులో సగం “నాకు కావాల్సిన బెంచీ వీళ్ళు తీసుకుంటారా” అని. లావుగా ఉన్నవాళ్ళు వచ్చి రెండో వారం కూడా కనబడితే మాత్రం మాకు వాళ్ళంటే ఒక గౌరవం వస్తుంది, బయటికి చెప్పం గాని వస్తుంది, ఎందుకంటే 60 కిలోల వాడు 20 గుంజీళ్ళు తీయడం వేరు, 94 కిలోల మనిషి 5 తీయడం వేరు, వంట్లో ఉన్న బరువు కూడా ఎత్తినట్టే లెక్క. అది చేసినవాడికి తెలుస్తుంది.

వెధవలు లేరని కాదు. ఒకసారి ఒక కొత్త కుర్రాడు ఒక పెద్దాయన్ని చూసి నవ్వితే మా సీనియర్ ఒకడు దగ్గరికెళ్ళి మెల్లిగా “నువ్వు ఈరోజుకి ఇంటికెళ్ళు తమ్ముడూ” అన్నాడు, అంతే.

సాయంత్రం 6 నుంచి 8 దాకా వెళ్ళకండి, ఇరుకు. మధ్యాహ్నం 3, 4 మధ్య ఖాళీ, మీకు ఆఫీసు కాబట్టి పొద్దున్న 5:30కి తలుపు తీసినప్పుడే వెళ్ళండి, అప్పుడు వచ్చేవాళ్ళంతా నిద్రమొహాలు. ఏడాదికి కడితే తగ్గిస్తాం అంటారు, కట్టొద్దు, ఒక నెల కట్టండి. మొదటి రోజే పౌడర్ డబ్బాలు, కొవ్వు కరిగించే మాత్రలు అంటగట్టబోతే ఆ జిమ్ మానేసి ఇంకోటి చూసుకోండి.

నిజం_మాట్లాడతా | సోమవారం రాత్రి 10:05

ఇంత చర్చ ఎందుకు. అన్నం తగ్గిస్తే బరువు తగ్గుతుంది. నోరు కట్టుకోలేక జిమ్‌లు.

రాజాం_అమ్మడు | సోమవారం రాత్రి 10:12

ఆ అమ్మాయి తిండి గురించి ఒక్క ముక్క రాయలేదు బాబూ, నువ్వే ఊహించీసుకున్నావు. ఆటో డ్రైవరూ, టైలరూ అయిపోనారు, ఇప్పుడు నువ్వు.

ఫిజియో_పాలకొండరోడ్ | శ్రీకాకుళం | సోమవారం రాత్రి 11:30

తిండి తగ్గిస్తే చాలు అనే మాటకి జవాబు చెప్పాలి, ఎందుకంటే ఇది రోజూ వింటాను. బరువు తగ్గడంలో తిండిదే పెద్ద పాత్ర, అది నిజమే. కానీ వ్యాయామం లేకుండా ఉత్త తిండి మాడ్చుకుంటే కొవ్వుతో పాటు కండ కూడా పోతుంది, కండ పోయినవాళ్ళు మెట్లెక్కలేరు, కింద కూర్చుంటే లేవలేరు. పైగా వ్యాయామం చేస్తే ఒక్క కిలో తగ్గకపోయినా షుగర్, బీపీ, నిద్ర మెరుగవుతాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్ళకి చెప్పేది వారానికి 150 నుంచి 300 నిమిషాల ఓ మోస్తరు కదలిక, దాంతో పాటు వారానికి కనీసం 2 రోజులు కండలకి పని. ఈ రెండోది నడకతో రాదు, ఇంటిపట్టున గారూ, జిమ్ అవసరం అక్కడే వస్తుంది. ఇంట్లో నీళ్ళ డబ్బాలతో కూడా చెయ్యొచ్చు గాని నేర్పేవాళ్ళు ఉండాలి.

పెద్దచెరువు గారికి. మీ ఎత్తుకీ బరువుకీ బీఎంఐ, అంటే ఎత్తుని బట్టి బరువు ఎంతుందో చెప్పే లెక్క, 38 దగ్గర వస్తుంది. మన దేశంలో వాళ్ళకి 23 దాటితే అధిక బరువు, 25 దాటితే ఊబకాయం కింద లెక్క. కంగారు పెట్టడానికి చెప్పట్లేదు, వెళ్ళే ముందు ఒకసారి బీపీ, షుగర్, థైరాయిడ్ చూపించుకోమని చెప్తున్నాను. నెలసరి సరిగ్గా రాకపోతే అది కూడా డాక్టరుకి చెప్పండి, థైరాయిడో పీసీఓడీయో (అండాశయాల సమస్య) ఉంటే బరువు తగ్గడం కష్టమవుతుంది, అది తెలీక చాలామంది తమని తామే తిట్టుకుంటారు. గుండెల్లో నొప్పి, కళ్ళు తిరగడం లాంటివి ఏమైనా ఉంటే జిమ్‌కి ముందు డాక్టరే.

ఇంకోటి, 60కి రావాలి అని పెట్టుకోకండి. ఉన్న బరువులో 5 శాతం తగ్గినా షుగర్, బీపీలో తేడా మొదలవుతుంది, మీకు 5 శాతం అంటే 4.7 కిలోలు. మోకాళ్ళు అరిగిన పెద్దవాళ్ళ మీద చేసిన పరిశీలనలో తేలింది ఏమిటంటే ఒక కిలో తగ్గితే వేసే ప్రతి అడుగులో మోకాలి మీద 4 కిలోల భారం తగ్గుతుంది.

మొదటి రెండు వారాలు వారానికి 3 రోజులు చాలు, రోజు మార్చి రోజు. 5 నిమిషాలు మెల్లిగా నడిచి ఒళ్ళు వేడెక్కాక ఇంకో 10 నిమిషాలు కాస్త వేగంగా, పక్కవాళ్ళతో మాట్లాడగలగాలి గాని పాట పాడలేకపోవాలి, అదీ కొలత. తర్వాత కూర్చుని చేసే మిషన్లు ఒక మూడు, తేలిక బరువు, ఒక్కోటి 10, 12 సార్లు. గెంతడాలు, పరుగులు ఇప్పుడే వద్దు. మర్నాడు, ఆ మర్నాడు కండలు లాగుతాయి, 3 రోజుల్లో పోతుంది. కీలులో గుచ్చినట్టు నొప్పి మాత్రం వేరు, అది వస్తే ఆపండి.

తొడలు ఒరుసుకుంటాయి, దాని గురించి ఎవరూ చెప్పరు, మొదటివారం ఒరిసిపోయి మానేసినవాళ్ళని చూసాను. వెళ్ళే ముందు కొబ్బరినూనో వాజిలైనో రాసుకుని మోకాలి దాకా ఉండే బిగుతు షార్ట్ లోపల వేసుకోండి, పైన ఏం వేసుకున్నా పర్వాలేదు. టీషర్టు పొడుగ్గా, పక్కలు చీలిక ఉన్నది తీసుకోండి, ఎత్తినా లేవదు.

కొండవెలగాడ_పక్కూరు | నెల్లిమర్ల | మంగళవారం 7:40

అక్కా మా పక్క సంగతి ఒకటి చెప్తాను. మాకు దగ్గర్లో కొండవెలగాడ ఉంది తెలుసు కదా, వెయిట్‌లిఫ్టర్ల ఊరు, మత్స సంతోషి గారిది ఆ ఊరే, 2014 గ్లాస్గో కామన్వెల్త్ ఆటల్లో 53 కిలోల విభాగంలో మెడల్ కొట్టారు. మా చుట్టుపక్కల సంగిడి రాళ్ళు ఎత్తడం తాతల నాటి నుంచీ ఉంది, పండగొస్తే గుడి ముందు పోటీ. అక్కడ ఎవులూ లావా సన్నమా అని అడగరు, లేపినాడా లేదా అంతే.

నేను చిన్నప్పుడు లిఫ్టింగ్ హాల్‌కి రెండేళ్ళు వెళ్ళాను. అక్కడ నాకు నచ్చిందేటంటే ఆ ఆటలో మనిషి బరువుని బట్టి తరగతులు ఉంటాయి. సిక్కోలు ఆడబిడ్డ కరణం మల్లీశ్వరి గారు 2000లో సిడ్నీలో 69 కిలోల తరగతిలో మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చారు, ఒలింపిక్స్‌లో మన దేశం నుంచి మెడల్ తెచ్చిన మొదటి ఆడమనిషి. ఆ ఒలింపిక్స్‌లో ఆడవాళ్ళకి 7 తరగతులు ఉండేవి, ఆఖరిది 75 కిలోల పైన, దానికి పైన హద్దు లేదు. అంటే ఎంత బరువున్న ఆడపిల్లకైనా నీ చోటు ఇదిగో అని చూపించే ఆట అది. నాకు జిమ్ అంటే మనసులో ఆ హాలే. మీరు లోపలికెళ్ళాక ట్రెడ్‌మిల్ ఒక్కటే పట్టుకుని వేలాడకండి, బరువులు ఎత్తడం నేర్చుకోండి, లావుగా ఉన్నవాళ్ళకి సహజంగానే కాళ్ళల్లో బలం ఉంటాది, రోజూ మోస్తున్నారు కదా. పరుగులో వెనకబడిపోయినవాళ్ళు లెగ్ ప్రెస్ (కాళ్ళతో బరువు తోసే మిషన్) దగ్గర పక్కవాళ్ళని దాటిపోతారు, ఆ రోజు భలే ఉంటాది.

బొబ్బిలి_మేష్టారు | బొబ్బిలి | మంగళవారం రాత్రి 8:20

తల్లీ, నేను రిటైరైన వ్యాయామ ఉపాధ్యాయుణ్ణి. నీ పోస్టు మా అమ్మాయి చదివి వినిపించింది. రెండు రోజులు రాయనా వద్దా అని ఆలోచించి రాస్తున్నాను.

పిల్లలకి కోడి రామమూర్తి నాయుడు గారి గురించి ఎన్నోసార్లు చెప్పాను. వీరఘట్టంలో పుట్టి విజయనగరంలో పెరిగి అక్కడే కసరత్తు నేర్చి ఛాతీ మీద ఏనుగుని నిలబెట్టుకున్నారు, ఇనప గొలుసులు తెంపారు, సొంతంగా సర్కస్ నడిపారు అని. బలం అంటే మన గాలిలో ఉందిరా అని చెప్పేవాణ్ణి. ఆ మాట చెప్పిన గంటకే డ్రిల్ పీరియడ్‌లో నేను ఏం చేసేవాణ్ణంటే, లావుగా ఉన్న పిల్లల్ని కూడా అందరితో కలిపి గ్రౌండు చుట్టూ పరిగెత్తించేవాణ్ణి. వాళ్ళు ఆఖర్న వచ్చేవారు. ముందొచ్చిన 40 మందీ నిలబడి ఆ ఆఖరి పిల్ల వచ్చేదాకా చూసేవారు, నవ్వేవారు. నేను విజిల్ చేత్తో పట్టుకుని “ఊఁ, ఇంకా వేగంగా” అనేవాణ్ణి. ప్రోత్సాహం అనుకున్నాను. మనసులో చెడు లేదు. కానీ వారానికి రెండుసార్లు, పదేళ్ళ పిల్లని, నలభై మంది ముందు ఒక్కదాన్నీ పరిగెత్తించాను.

గుండు విసరడంలో, తాడు లాగడంలో ఆ పిల్లలే ముందుండేవారు. తాడు లాగినప్పుడు ఆఖర్న నడుముకి తాడు చుట్టి ఎవర్ని నిలబెడతాం? వాళ్ళనే. ఆ రోజు టీమంతా వాళ్ళని బతిమాలేది. అది ఏడాదికి ఒక్కసారి, ఆటల పోటీలప్పుడు. పరుగు మాత్రం ప్రతి వారం. దీన్ని తిరగేసి ఉంటే ఎంతమంది పిల్లలు ఆటల్లో నిలబడేవారో. ఇప్పుడు ఈ వయసులో అనిపిస్తోంది, అప్పుడు తోచలేదు.

నీ భయం ఆ జిమ్ మెట్ల దగ్గర పుట్టింది కాదు. అది మాలాంటి వాళ్ళు గ్రౌండులో పెట్టింది. నా తరఫున క్షమించమని అడుగుతున్నాను.

పెద్దచెరువు_గాలి | మంగళవారం రాత్రి 11:55

మేష్టారూ, ఆ ఆఖర్న వచ్చే పిల్లని నేనే. మీ స్కూల్లో కాదు గాని నేనే. ఏడో తరగతిలో పరుగు ఆఖరి రౌండులో నా లంగా కుట్టు విడిపోయింది, ఒక చేత్తో పట్టుకుని పరిగెత్తాను, ఆగితే ఇంకా ఎక్కువసేపు చూస్తారని ఆగలేదు. ఈ సంగతి అమ్మకి కూడా చెప్పలేదు, 17 ఏళ్ళయింది, మెట్ల మీద ఆ కుర్రాళ్ళు దిగుతున్నప్పుడు నా చెయ్యి నడుము దగ్గరే ఉందని మీ పోస్టు చదివాక గుర్తొచ్చింది. మీరు క్షమాపణ అడగక్కర్లేదండి. కానీ అడిగినందుకు చాలా ఏడ్చాను, మంచి ఏడుపే.

నాగావళి_వంతెన | శ్రీకాకుళం | బుధవారం 12:30

మధ్యలో వస్తున్నాను ఏమనుకోకండి. నేను 24 ఏళ్ళ అబ్బాయిని, 118 కిలోలు. మగాడివి నీకేటి సిగ్గు అంటారు అందరూ. టీషర్టు వేసుకుంటే ఛాతీ కనబడతాదని వేసవిలో కూడా పైన చొక్కా వేసుకుని గుండీలు పెట్టుకుంటాను. ఫ్రెండ్స్ నాగావళిలో స్నానానికి వెళ్తే బట్టలకి కాపలా నేనే. కోడి రామమూర్తి స్టేడియం దాకా బండి మీద వెళ్ళి బయట టీ తాగి వచ్చీడమే. అక్క రాసినదంతా నాదే అనిపించింది. ప్రశ్నేమీ లేదు, చదువుతున్నానని చెప్దామని.

ఇనపగుండు_రాజు | బుధవారం 1:10

తమ్ముడూ ఆ ఛాతీ సంగతి మగాళ్ళలో సగంమందికి ఉంటుంది, ఎవడూ బయటపడడు. నల్లటి, కాస్త మందం గుడ్డ టీషర్టు, లోపల బిగుతు బనీను, నేను రెండేళ్ళు అలాగే వెళ్ళాను.

మహిళా_ట్రైనర్ | విశాఖ, సొంతూరు గజపతినగరం | బుధవారం సాయంత్రం 4:45

ట్రైనర్‌గా నాలుగు మాటలు. లోపలికి రాగానే “నాకు ఏ మిషనూ తెలీదు, మొదటి వారం పక్కనుండి చూపించండి” అని మీరే చెప్పేయండి, అది చెప్పించుకోవడం మా పని, మీరు ఇబ్బంది పెట్టినట్టు కాదు. అందరి ముందు బరువు చూడ్డం, నడుము కొలవడం వద్దంటే వద్దనండి, అది మీ ఇష్టం. మీ అనుమతి లేకుండా ముట్టుకుని సరిచేయడం కూడా వద్దని చెప్పొచ్చు. ఏ మిషనైనా దాని మీద ఎంత బరువు మోస్తుందో రాసి ఉంటుంది, నాగావళి తమ్ముడూ నువ్వు అది చూసుకో, ఒక్కో ట్రెడ్‌మిల్‌కి ఒక్కోలా ఉంటుంది. తువ్వాలు తెచ్చుకోండి, అయ్యాక సీటు తుడవండి, ఎవరైనా వాడుతుంటే “ఇంకా ఎన్ని సెట్లు”, అంటే ఇంకా ఎన్ని విడతలు చేస్తారు అని అడగండి, లోపల పాటించాల్సింది అంతే.

పెద్దచెరువు_గాలి | శుక్రవారం పొద్దున్న 7:20

వెళ్ళాను.

నిన్న ఫోన్ చేసాను. పొద్దున్న 5:40కి వెళ్ళాను, మెట్ల మీద ఎవరూ లేరు. రిసెప్షన్‌లో కుర్రాడు వెయింగ్ మిషన్ చూపించి ఎక్కమన్నాడు, “నాది ఇంట్లో చూసుకుంటాను, రాయొద్దు” అన్నాను, గొంతు వణికింది గాని అన్నాను, అతను “సరే మేడమ్” అని ఆ గడి ఖాళీ వదిలీసాడు. అంతే. నేను రాత్రంతా ఆ ఒక్క మాటకే రిహార్సల్ చేసాను.

లోపల 6గురు. ఒకావిడ, మా అమ్మ వయసు, చేతులకి గాజులు, నుదుట బొట్టు, పంజాబీ డ్రెస్ మీద చున్నీ నడుముకి కట్టుకుని ట్రెడ్‌మిల్ మీద నడుస్తున్నారు. నన్ను చూసి దిగొచ్చి ఎర్ర తాడు క్లిప్పు నా టీషర్టుకి పెట్టి “పడిపోతే ఇదే ఆపుతాది, కంగారు పడకు” అని మళ్ళీ వెళ్ళి ఎక్కీసారు, పేరు కూడా అడగలేదు. 3.5 స్పీడులో 12 నిమిషాలు నడిచాను, నంబర్లు తప్ప ఏమీ చూడలేదు. కూర్చుని చేతులతో లాగేది ఒక మిషన్, కాళ్ళతో తోసేది ఒకటి. అద్దంలో ఒక్కసారి చూసుకున్నాను, మొహం ఎర్రగా ఉంది, నేను అనుకున్నంత వింతగా లేను.

రాజాం_అమ్మడు | శుక్రవారం 7:31

ఒలమ్మ ఒలమ్మ ఒలమ్మా. ఆ గాజులావిడ చల్లగుండాలి.

బొబ్బిలి_మేష్టారు | శుక్రవారం 9:00

సంతోషం తల్లీ.

పెద్దచెరువు_గాలి | మూడు వారాల తర్వాత, బుధవారం రాత్రి

5 రోజుల నుంచి వెళ్ళట్లేదు. నిన్నటి దాకా రాయబుద్ధి కాలేదు. ఒక కుర్రాడు తన రీల్ తీసుకుంటున్నాడు, ఫోన్ స్టాండు పెట్టి, వెనకాల నేను లెగ్ ప్రెస్ మీద ఉన్నాను. అది వాడు పెట్టీసాడు, మా కొలీగ్ చూసి “ఇది నువ్వేనా” అని నాకు పంపింది. కింద నా గురించి ఎవరో రాసారు, ఏం రాసారో ఇక్కడ రాయను. నన్ను తీయాలని తీయలేదు, అది నాకూ తెలుసు. కానీ నేను మొదటి రోజు భయపడింది ఇదే కదా, అదే అయింది.

మహిళా_ట్రైనర్ | అదే రాత్రి

ఇందులో తప్పు మీది ఒక్క పిసరు లేదు. రేపు ఓనరుకి ఫోన్ చేసి రెండు అడగండి, ఆ వీడియో వెంటనే తీయించమని, ఇంకెవరు తీసినా వెనక మనుషులు పడకూడదని గోడ మీద రాయించమని. లావుగా ఉన్నవాళ్ళ కోసం అని కాదు, ఆడవాళ్ళు వచ్చే ఏ జిమ్‌లో అయినా ఉండాల్సిన పద్ధతి. మెత్తగా అడగొద్దు, కస్టమర్‌గా అడగండి. వినకపోతే మిగిలిన డబ్బు వెనక్కి అడిగి వేరే చోటికి వెళ్ళండి.

ఇనపగుండు_రాజు | అదే రాత్రి

ఆ కుర్రాడికి వాడి వెనక ఏం పడుతుందో కూడా తెలిసుండదు, తెలియజెప్పాలి. మీరు ఒక్కరే అడగడానికి ఇబ్బందైతే ఆ గాజులావిడకి చెప్పండి, అలాంటివాళ్ళు ఒక్క మాటంటే జిమ్ మొత్తం వింటుంది.

పెద్దచెరువు_గాలి | శనివారం

చెప్పాను. ఆవిడకే ముందు చెప్పాను. ఆవిడ నన్ను పక్కన కూర్చోబెట్టుకుని ఓనరుకి ఫోన్ చేసారు, సాయంత్రానికి వీడియో తీసీసారు, గోడ మీద కాగితం అంటించారు. ఆ కుర్రాడు వచ్చి సారీ చెప్పాడు, మొహం పాలిపోయి ఉంది, కాలేజీ పిల్లాడు. సోమవారం నుంచి మళ్ళీ వెళ్తాను. ఆ కింద రాసిన మాట ఇంకా గుచ్చుతోంది, పోలేదు, దాంతోనే వెళ్తాను.

పెద్దచెరువు_గాలి | సిరిమానోత్సవం మర్నాడు

చాలామంది మెసేజులు పెట్టారు, ఏమైందని. మొదలెట్టి 9 వారాలయింది. 94 నుంచి 90.6. ఫిజియో గారు చెప్పిన 5 శాతం ఇంకా రాలేదు. పరీక్షల్లో థైరాయిడ్ ఉన్నట్టు తేలింది, పొద్దున్నే పరగడుపున మాత్ర వేసుకుంటున్నాను. అన్నం మానలేదు, రాత్రికి తగ్గించి పప్పు, గుడ్లు పెంచాను, పొద్దున్న పూరీ బదులు చోడి (రాగి) అంబలి. లెగ్ ప్రెస్ మీద 80 కిలోలు తోస్తున్నాను, నెల్లిమర్ల తమ్ముడు చెప్పింది నిజమే, పక్కనున్న సన్నటమ్మాయి నా దగ్గరికొచ్చి ఎలా చేస్తున్నావని అడిగింది.

నిన్న పైడితల్లమ్మ సిరిమాను జాతరకి మూడు లాంతర్ల దగ్గర మధ్యాహ్నం 2 నుంచి నిలబడ్డాను. ప్రతి ఏడాదీ అరగంటకే నడుం పట్టీసి ఎవరిదో అరుగు వెతుక్కుని కూర్చునేదాన్ని, సిరిమాను ఒక్కసారి చూడ్డమే గగనం. నిన్న అమ్మవారు గుడి దగ్గర్నుంచి కోట దాకా మూడుసార్లూ తిరిగీదాకా నిలబడే ఉన్నాను, మా అమ్మ సంచీ కూడా నేనే పట్టుకున్నాను. జనంలో ఎవరు నన్ను చూసారో, చూడలేదో, నాకు గుర్తు రాలేదు.

నాగావళి_వంతెన | అదే రోజు రాత్రి

అక్కా నేను కూడా మొన్న సోమవారం నుంచి వెళ్తన్నాను. చెప్పలేదు, మధ్యలో మానీస్తే బాగోదని. ట్రెడ్‌మిల్ మీద 110 కిలోలు అని స్టిక్కరు ఉంది, నేను 118. ట్రైనర్‌ని అడిగితే మామూలుగానే “అయితే సైకిల్ తొక్కు, తగ్గాక ఇది ఎక్కుదువు గాని” అన్నాడు, నేను అనుకున్నంత అవమానంగా ఏమీ లేదు. ఒక్కటే ఇబ్బంది, 10 నిమిషాలు తొక్కీసరికి మోకాళ్ళ ముందు నొప్పి వస్తాది, సీటు కూడా గుచ్చుతాది. మానీమంటారా?

ఫిజియో_పాలకొండరోడ్ | అదే రోజు రాత్రి

మానొద్దు, సీటు కిందకి ఉన్నట్టుంది. సైకిల్ పక్కన నిలబడు, సీటు నీ తుంటి ఎముక ఎత్తుకి రావాలి. ఎక్కాక పెడల్ అడుగుకి వెళ్ళినప్పుడు మోకాలు కొంచెమే వంగి ఉండాలి. మరీ వంగి ఉంటే ముందు నొప్పి వస్తుంది. గట్టిదనం తగ్గించి తేలిగ్గా తొక్కు. సీటు మీద వేసుకునే జెల్ కవరు సైకిల్ షాపులో దొరుకుతుంది. ఇవన్నీ చేసినా వారానికి తగ్గకపోతే వచ్చి చూపించు.

నాగావళి_వంతెన | అదే రోజు రాత్రి

సరేనండి, రేపు రెండు కన్నాలు పైకి పెట్టి చూస్తాను.